మన ఆదిలాబాద్ డైనోసార్‌ని చూసొద్దాం

శ్రోతలకు నమస్కారం.

సెలవుల్లో పిల్లల్ని తీసుకుని హైదరాబాద్ చూడ్డానికి వచ్చే కుటుంబాల హడావుడి చూస్తే జాలేస్తుంది. పొద్దున్నే చార్మినార్, పదకొండింటికి సాలార్‌జంగ్ మ్యూజియం, మధ్యాహ్నం జూపార్కు, అక్కణ్ణుంచి గోల్కొండ, చీకటి పడ్డాక ట్యాంక్‌బండ్. లాడ్జికి చేరేసరికి పిల్లలు భుజం మీద నిద్రపోతుంటారు, పెద్దవాళ్లు మోకాళ్లు పట్టుకుని కూర్చుంటారు. ఏం చూశావురా అని మర్నాడు పిల్లాణ్ణి అడిగితే ఐస్‌క్రీం తిన్నానంటాడు. వాడి తప్పేం లేదు.

ఈసారి ఒక పూట ఒక్కచోటికే పెట్టుకోండి. నేను చెప్పేది నౌబత్ పహాడ్ గుట్ట మీదున్న బిర్లా సైన్స్ మ్యూజియం గురించి. 1985లో ఎన్టీ రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా అక్కడ ప్లానెటోరియం ప్రారంభమైంది. 1990లో మ్యూజియం వచ్చింది. 2000లో దానికి డైనోసారియం అని ఒక విభాగం చేర్చారు. చాలామంది ప్లానెటోరియం షో చూసి, సైన్స్ బొమ్మల మీటలు రెండు నొక్కి, ఈ డైనోసారియం గుమ్మంలోంచి ఒక ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. నన్నడిగితే అక్కడికి వెళ్లాల్సిందే ఆ డైనోసార్ కోసం.

ఎందుకంటే అది మనది. పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో, ప్రాణహిత గోదావరి లోయలో యామన్‌పల్లి అనే ఊరి దగ్గర, 1970ల చివర్లో దీని ఎముకలు బయటపడ్డాయి. ఒకటీ రెండూ కాదు, మొత్తం 840 ముక్కలు. పి. యాదగిరి అనే శాస్త్రవేత్త వాటిని పరిశీలించి, ఇది ఇంతవరకు ఎవరికీ తెలియని జాతి అని తేల్చి, 1988లో పేరు పెట్టారు. ఆ ఎముకల్లో కొన్నిటిని భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ, అదే మనం జీఎస్ఐ అంటామే, ఈ మ్యూజియానికి ఇచ్చింది. దాదాపు సిటీ బస్సంత పొడవుంటుంది. ఆకులూ అలములూ తిని బతికిన సాధుజంతువు. పొడుగు మెడ, పొడుగు తోక, స్తంభాల్లాంటి నాలుగు కాళ్లు.

లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో డిప్పీ అని ఒక డైనోసార్ పేరు మీరు వినే ఉంటారు. అక్కడి మన తెలుగువాళ్ల ఫొటో ఆల్బముల్లో కూడా కనిపిస్తుంది. 1905లో లండన్ వచ్చి, 1979 నుంచి 2017 దాకా పెద్ద హాల్లో నిలబడి, కోట్లమందితో ఫొటోలు దిగిన డిప్పీ నిజానికి ప్లాస్టర్‌తో పోతపోసిన నకలు. అసలు ఎముకలు అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఉన్నాయి. మన దగ్గరున్నదేమో మన నేలలో తవ్వి తీసిన అసలు ఎముకలతో నిలబెట్టింది. అయినా దాని పేరు చెప్పగలిగిన హైదరాబాదీ నాకింతవరకు తగల్లేదు.

సరే, వెళ్లే ముందు రోజు ఇంట్లో కాస్త కసరత్తు చేయండి. పిల్లలకి టీ రెక్స్ అనే డైనోసార్ బాగా తెలుసు. సినిమాలు, టీవీల పుణ్యం. ఆ టీ రెక్స్ బతికింది ఉత్తర అమెరికాలో, ఇప్పటికి సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కింద. మన కోటాసారస్ పదహారు కోట్ల ఏళ్లకి పైనే నాటిది. అంటే కాలం లెక్కన టీ రెక్స్‌కి కోటాసారస్ కంటే మనమే దగ్గర! ఒక పొడవాటి తాడు తీసుకుని, కోటి ఏళ్లకొక ముడి చొప్పున వేసి, హాల్లో ఈ చివరి నుంచి ఆ చివరికి పరిచి చూపించండి. మన దగ్గర్నుంచి ఆరో ముడి దాటాక టీ రెక్స్. కోటాసారస్ దగ్గరికి వెళ్లాలంటే సోఫా జరపాలి. అప్పటికి హిమాలయాలు పుట్టనే లేదని కూడా చెప్పండి. మన దేశం అప్పుడు ఆఫ్రికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియాలతో అతుక్కుని ఉండేది.

ఇంట్లో సింగరేణిలో పనిచేసి రిటైరైన తాతయ్యో పెదనాన్నో ఉంటే, ఆయన్ని తప్పకుండా వెంట తీసుకెళ్లండి. బొగ్గున్న పొరలు, ఈ ఎముకలున్న పొరలు ఒకే లోయలోవి. బొగ్గు పొరలు ఇంకా పాతవి, కింది వరుసలోవి. పాతికేళ్లు బాయి దిగినాయన పొరల గురించి చెబితే మనవలు నోరు తెరుచుకుని వింటారు. ఏ గైడూ అలా చెప్పలేడు.

ఇక అక్కడికి వెళ్లాక. పిల్లలకి ముందే ఒక పందెం పెట్టండి. "ఈ అస్థిపంజరంలో ఒక భాగం మాత్రం తవ్వకాల్లో దొరకలేదు. ఏదో చెప్పుకోండి చూద్దాం." వాళ్లు తోక చివర అంటారు, వేళ్లంటారు, కాలి గోళ్లంటారు. దొరకంది తల. అంత ఎముకల గుట్టలో పుర్రె లేదు, రెండు పళ్లు మాత్రం దొరికాయి. కాబట్టి మీరక్కడ చూసే తల, దీనికి చుట్టాలైన ఇతర డైనోసార్ల తలలు ఎలా ఉంటాయో చూసి ఊహించుకుని పెట్టిందే. ఈ సంగతి తెలిశాక పిల్లలు దాన్ని చూసే తీరు మారిపోతుంది. మరి ఈ ఎముక అసలుదేనా, ఆ పక్కటెముక అసలుదేనా అని పట్టి పట్టి చూడ్డం మొదలుపెడతారు. మనక్కావలసింది అదే.

ఇంకో ప్రశ్న కూడా వస్తుంది. 840 ముక్కలు దొరికాయన్నారు, అవి ఎన్ని జంతువులవి? కనీసం 12 అని లెక్క తేల్చారు. ఇలాంటి లెక్కలు ఎలా కడతారో చెప్పాలంటే కోడికూర వండిన ఆదివారం మంచి అవకాశం. గిన్నెలో ముక్కలన్నీ కలిసిపోయి ఉన్నా, అందులో మూడు కుడి తొడ ఎముకలుంటే కనీసం మూడు కోళ్లు పోయినట్టే కదా! శాస్త్రవేత్తలు చేసేదీ అదే, ఒకే వైపు ఎముక ఎన్నిసార్లు వచ్చిందో చూస్తారు. అన్నట్టు డైనోసార్ల వంశంలో ఇప్పటికీ మిగిలింది పక్షులే. ఆ మాట భోజనాల దగ్గర చెబితే కొందరు పిల్లలు ముక్క పక్కన పెట్టేస్తారు, చూసుకుని చెప్పండి.

ఎముకలు ఇన్ని కోట్ల ఏళ్లు ఎలా ఉన్నాయని అడిగితే, ఒండ్రులో పూడిపోయిన ఎముకలోకి నేలలోని నీరు ఊరి, ఆ నీటిలోని ఖనిజాలు దాని సన్నటి రంధ్రాల్లో పేరుకుపోయి, మెల్లగా రాయిలా మారుతుందని చెబితే చాలు. అదే హాల్లో రాయిగా మారిన చెట్టు మొద్దులున్నాయి, డైనోసార్ గుడ్ల శిలాజాలు, సముద్రపు గవ్వలు ఉన్నాయి. అద్దం అవతల ఏదీ అంత గొప్పగా కనిపించదు గానీ, ఆ మొద్దుల దగ్గర కాసేపు ఆగండి.

కొన్ని సంసారపక్షపు మాటలు. టైమింగ్సు, సెలవులు మారుతుంటాయి, బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి. ముందు తెలుగు షో ఎప్పుడుందో చూసుకుని ప్లానెటోరియం టికెట్ తీసుకుని, మిగతాదంతా దానిచుట్టూ అమర్చుకోండి. బొత్తిగా చిన్నపిల్లలుంటే చివరి సీట్లో కూర్చోండి. లైట్లు ఆర్పగానే ఏడుపందుకుంటే చటుక్కున లేచి రావచ్చు. మెట్రోలో వచ్చేవాళ్లకి లక్డీకాపూల్, అసెంబ్లీ స్టేషన్లు రెండూ దగ్గరే. అయితే అది గుట్ట, మోకాళ్ల నొప్పులున్న వాళ్లని పైదాకా ఆటోలో తీసుకెళ్లండి, బేరాల దగ్గర పట్టుదలకి పోకండి. పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్తే లోపలికి వెళ్లకముందే తినేయండి. ఆకలి మీదున్న పిల్లాడికి ఎంత పెద్ద డైనోసార్ అయినా ఆనదు.

పక్కనే బిర్లా మందిరం ఉంది, సాయంత్రం పూట తెల్లరాయి చల్లబడ్డాక వెళ్తే హాయిగా ఉంటుంది. మధ్యాహ్నం కాసేపు మూసేస్తారు. సెల్‌ఫోన్లు, కెమెరాలు బయటే అప్పగించాలి.

ఇంటికొచ్చాక పిల్లలు ఇంకా అడుగుతుంటే ఇంకో సంగతి చెప్పండి. ప్రాణహిత అవతలి ఒడ్డున మహారాష్ట్రలోని సిరోంచ ప్రాంతంలో, ఇప్పటికీ తెలుగు బాగా వినిపించే చోట, ఇదే వరస రాళ్లలో ఇంకో పెద్ద డైనోసార్ దొరికింది. దాని పేరు బారాపాసారస్ టాగోరై. రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి ఏడాది 1961లో అక్కడ తవ్వకాలు జరిగాయి కాబట్టి ఆయన పేరు కలిపారు. అది కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో ఉంది. వచ్చే ఏడు సెలవులకి రైలు టికెట్లు బుకింగ్ మొదలవగానే తీసుకుంటే మంచిది, ఆ రూట్లో బెర్తులు దొరకడం కష్టం.

సెలవు, నమస్కారం.