గూడబాతుకు పుట్టినూరు నేలపట్టే

పెద్దలకు, ముందు వరుసలో ఉన్న బడిపిల్లలకు, చెట్టు నీడన నిలబడ్డ రైతులకు నమస్కారం. వన్యప్రాణి వారోత్సవాలకు పది నిమిషాలు మాట్లాడమన్నారు. 1976లో ఈ నేలపట్టు చెరువును పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించిన నాటి నుంచి వరసగా చెబుదామని రాసుకొచ్చాను. వస్తూ వస్తూ స్వాగత తోరణం మీద మన గూడబాతుల్ని, అదే పెలికాన్లను, 'సైబీరియా అతిథులు' అన్న అక్షరాలు చూశాను. ఆ కాగితం మడిచి జేబులో పెట్టేశాను.

ముప్పై ఏళ్ళ కిందటి మాట. ఆరో తరగతి పరీక్షలో 'గూడబాతులు ఎక్కడినుంచి వస్తాయి?' అని అడిగాను. నేను చెప్పిందే కనుక అందరూ సైబీరియా అని రాశారు. ఒక్క పిల్ల మాత్రం 'మా చెరువులోనే పుడతాయి' అని రాసింది. సున్నా వేశాను. ఆ పిల్ల పేపరు పట్టుకుని నా బల్ల దగ్గరకొచ్చి, "అయ్యోరూ, గూట్లో పిల్లల్ని నేను చూశాను గదా" అంది. పోయి కూర్చోమన్నాను.

సంక్రాంతి సెలవుల్లో దుర్భిణి ఒకటి అడిగి తెచ్చుకుని కట్ట మీద నిలబడ్డాను. నీళ్ళలో పెరిగే కడప చెట్టు కొమ్మన గూడు. తల్లి పులికాట్ సరస్సులో చేపలు పట్టి తెచ్చింది. పిల్ల దాని సంచిలోకి మెడదాకా తల దూర్చి తింటోంది. మన కడప చెట్టు మీద పుట్టిన పక్షిని నేను సైబీరియాకు రాసిచ్చేశాను!

గూడబాతు సైబీరియా ముఖం ఎరగదు. దక్షిణ భారతం, శ్రీలంక, అటు కంబోడియా, ఇవీ దాని తావులు. ఈశాన్య రుతుపవనాల వానకు చెరువు నిండాలి, కడప చెట్ల మొదళ్ళు నీళ్ళలో మునగాలి. అప్పుడే నక్కకూ పిల్లికీ అందని గూడు దొరుకుతుంది. వాన తప్పిన ఏడు గూళ్ళూ తప్పుతాయి. ఆ పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్ళు మడికి ఎంత బలమో రైతులకు నేను చెప్పక్కర్లేదు.

ఉత్తరాది నుంచి వచ్చేవీ ఉన్నాయి. సూదితోక బాతులు వస్తాయి. కట్ట మీద తోకాడిస్తూ తిరిగే కాటుకపిట్టల్లో హిమాలయాల అవతలి నుంచి వచ్చినవి ఉంటాయి. పిడికెడు ప్రాణం! దాని వైపు కెమెరా తిప్పినవాళ్ళను నేను చూడలేదు.

పిల్లలూ, మీరు వినండి. నిరుడు ఒకాయన ఎగిరే పక్షుల ఫొటో కావాలని కట్ట మీద చప్పట్లు కొట్టాడు. తల్లులన్నీ ఒక్కసారి లేచాయి. కాకులు గూళ్ళ మీద వాలాయి. గుడ్లు పోయాయి. అతిథులనుకుంటే ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు చూద్దామనిపిస్తుంది. ఆ గుడ్లు మన ఊరివి, అమ్మా! చప్పట్లు కొట్టేవాళ్ళ చెయ్యి పట్టుకుని ఆపండి. పెద్దవాళ్ళయినా సరే, ఆపండి.

సెలవులయ్యాక ఆ పిల్ల బడికి రాలేదు. కూలికి వలసపోయిన కుటుంబం. మార్కు దిద్దడానికి పేపరు కూడా నా దగ్గర లేదు. అందుకే ఇంతమంది ముందు చెబుతున్నాను, ఆ జవాబు ఒప్పు.

సభ ముగిశాక తోరణం మీది ఆ రెండు మాటలు చెరిపించండి. రంగు ఖర్చు నాది. నిచ్చెన ఎవరింట్లో ఉందో చెప్పండి, పోయి తెస్తాను.