చిగుళ్లలో ఆరని సెగ

(టంగుటూరులో పొగాకు రైతు కుటుంబాల సభలో ఒక చిగుళ్ల వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

ఇటు టంగుటూరు నుంచి, అటు కొండపి నుంచి నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది మొదటి మాటగా "వేడి చేసిందమ్మా, చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది" అంటారు. మజ్జిగ తాగి, రక్తం చూసి భయపడి నాలుగు రోజులు బ్రష్ పక్కన పెట్టి, అప్పటికీ తగ్గక వస్తారు. కనిగిరి వైపు వారైతే నీళ్లను తప్పుపడతారు. ఆ నీటిలోని ఫ్లోరైడ్ పంటి మీద గోధుమరంగు మచ్చలు తెస్తుంది, నిజమే. చిగుళ్ల జబ్బు కథ వేరు. ఆ రక్తం వేడి వల్ల రాదు, చిగుళ్లలో చేరిన సూక్ష్మజీవి కొరికినందువల్లా రాదు. దానిని చంపలేక, వదిలిపెట్టనూ లేక మన రోగనిరోధక వ్యవస్థ సాగించే పోరాటం వల్ల వస్తుంది. ఆ పోరాటం ఆరిపోకుండా చూసుకోవడంలోనే ఆ సూక్ష్మజీవి బతుకు ఉంది.

చిగురుకూ పంటికీ మధ్య ఉండే సన్నని సందులోకి మిల్లీమీటరు గీతలున్న కడ్డీని దించితే, ఆరోగ్యంగా ఉన్నచోట 3 మిల్లీమీటర్ల లోపే ఆగిపోతుంది. నిరుడు వేసవిలో వచ్చిన ఒక రైతు భార్యకు కింది దవడపన్ను పక్కన అది 7 మిల్లీమీటర్లు దిగింది. కడ్డీ తీసిన కొన్ని క్షణాలకు చిగురు అంచున ఎర్రని చుక్క ఊరి, పంటి మీదుగా జారింది. ఆమెకు నొప్పి మాత్రం లేదు. జబ్బు ముదిరిన నోటిలో పళ్లన్నిటి చుట్టూ ఉండే ఈ సందుల లోపలి పొరను విప్పి పరిస్తే 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్లు ఉంటుందని ఒక అంచనా. అంటే ఇంచుమించు అగ్గిపెట్టె పైముఖమంత పుండును కొందరు ఏళ్ల తరబడి తెలియకుండానే మోస్తున్నారు.

నోటిలో సుమారు 700 రకాల బ్యాక్టీరియాను గుర్తించారు. వాటిలో ఎక్కువ భాగం మనతో సర్దుకుపోయేవే. పోర్ఫైరోమోనాస్ జింజివాలిస్ అనే రకం సంఖ్యలో తక్కువగా ఉండి కూడా ఆ సంఘాన్నంతా చెడగొట్టగలదు. సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకల నోట్లో దీనిని ఒక్కదానినే పెడితే ఎముక కరగలేదు. మిగతా బ్యాక్టీరియా తోడున్న ఎలుకల్లో కరిగింది. ఇది వదిలే జింజిపైన్లనే ఎంజైములు మన రక్తంలోని సీ5 అనే ప్రోటీన్‌ను కోసి, సీ5ఏ అనే ముక్కను పుట్టిస్తాయి. ఆ ముక్క తెల్లకణాలకు పిలుపు వంటిది. పిలుపు అందుకుని న్యూట్రోఫిల్ అనే రకం తెల్లకణాలు వస్తాయి. అయితే వచ్చిన కణం మీద సంకేతాలను అందుకునే రెండు గ్రాహకాలను ఈ జీవి ఒకేసారి తట్టి, శత్రువును చంపమనే సంకేతాన్ని తెంచివేసి, వాపును పెంచే సంకేతాన్ని మాత్రం నడవనిస్తుంది. వాపులో చితికిన కణజాలం నుంచి వచ్చే ప్రోటీన్ తునకలు, రక్తంలోని ఇనుము దానికి తిండి. పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ గదిలో ఆకు కాల్చేటప్పుడు మంట ఎగదోయకుండా, ఆరనివ్వకుండా రాత్రింబవళ్లు కాపలా కాయడం మీకు తెలుసు కదా, అచ్చం అలాగే ఇది సెగను నిలుపుకుంటుంది.

ఆ సెగ నోటితో ఆగదు. నమిలినప్పుడు, పళ్లు తోముకున్నప్పుడు బ్యాక్టీరియా కొద్దికొద్దిగా రక్తంలోకి చేరుతుంది. చిగుళ్లలో తయారైన ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సంకేతాలు కాలేయాన్ని చేరి, అక్కడ సీఆర్పీ అనే వాపు ప్రోటీన్‌ను పెంచుతాయి. ఎముక మజ్జ కూడా ఈ సంకేతాలను గుర్తుంచుకుంటుందని 2022లో ఎలుకల మీద జరిగిన ప్రయోగం చూపింది. చిగుళ్ల జబ్బున్న ఎలుకల మజ్జను ఆరోగ్యమైన వాటికి ఎక్కిస్తే, వాటికి వచ్చిన కీళ్లవాపు మరింత తీవ్రంగా ఉంది. షుగరుతో సంబంధం రెండు వైపులా నడుస్తుంది. షుగరు చిగుళ్లను పాడుచేస్తుంది, చిగుళ్ల వాపు ఇన్సులిన్ పనికి అడ్డుపడుతుంది. షుగరు ఉన్నవారికి చిగుళ్ల చికిత్స చేస్తే మూడు, నాలుగు నెలలకు హెచ్‌బీఏ1సీ (గత రెండు, మూడు నెలల సగటు షుగరును చూపే రక్తపరీక్ష) సగటున 0.4 శాతం మేర తగ్గుతోంది.

పళ్లకు గట్టిగా పట్టిన గార తీయించుకున్న మర్నాడు ఒళ్లు వెచ్చబడిందని కొందరు బెదిరి మళ్లీ రారు. వారి మాటను నేను కొట్టిపారేయను. 2007లో వెలువడిన ఒక అధ్యయనంలో, జబ్బు ముదిరిన 120 మందిలో కొందరికి ముమ్మరంగా చికిత్స చేయగా, మొదటి 24 గంటల్లో వారి సీఆర్పీ పెరిగింది, రక్తనాళాలు వ్యాకోచించే గుణం తగ్గింది. ఆరు నెలలకు అదే గుణం, మామూలు చికిత్స పొందినవారి కంటే మెరుగైంది. ఇంతమాత్రాన చిగుళ్ల చికిత్స గుండెపోటును ఆపుతుందని రుజువైనట్టు కాదు, అలా చెప్పి గార తీసేవారిని మీరు నమ్మవద్దు.

నేను మొదట చెప్పిన రైతు భార్య వెంట ఆమె భర్త కూడా వచ్చాడు. ముప్పై ఏళ్లుగా చుట్ట తాగుతున్న మనిషి. "నాకు చుక్క రక్తం రాదు డాక్టరమ్మా, నా పళ్లు రాళ్లు" అన్నాడు. పొగాకు చిగుళ్లలోని సన్నని రక్తనాళాలను కుదించి, లోపల జబ్బు సాగుతున్నా రక్తం కనబడకుండా చేస్తుంది. అందుకే పొగ తాగేవారు రక్తం కోసం ఎదురుచూడకుండా సందులు కొలిపించుకోవాలని పట్టుబడతాను. ఆయన చిగుళ్లు పాలిపోయి, బిగుతుగా, చూపుకు బాగానే ఉన్నాయి. కడ్డీ 8 మిల్లీమీటర్లు దిగింది.