కాటా ఎవరి చేతిలో ఉంది?

ప్రిన్సిపాల్ గారికి, వేదిక మీదున్న పెద్దలకు, పిల్లలకు నమస్కారం. శాలువా కప్పారు, సంతోషం. గుంటూరు ఎండలో దీన్ని ఉంచుకోలేను, తీసి కుర్చీ మీద పెడుతున్నా, ఏమనుకోకండి. 'పోటీ చట్టం, టెక్నాలజీలో ఆవిష్కరణలు' మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు.

మా నాన్న మిర్చి యార్డులో గుమస్తా. అక్కడ కాటా వేసేవాడు వేరు, కొనేవాడు వేరు. మోసం లేదని అనను, రైతుల పిల్లలు మీలోనే ఉన్నారు. కానీ యార్డు నడిపేవాడే సొంత టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ముందు పేర్చుకుని, మీవి గోడ వెనక్కి నెట్టేస్తే? ఫోన్లలోనూ అలాంటిదే జరిగింది. యాప్‌లు దొరికే తన ప్లే స్టోర్ కావాలంటే తన మిగతా యాప్‌లన్నీ కలిపి వేసుకోవాల్సిందేనని ఫోన్ కంపెనీలకు గూగుల్ షరతు పెట్టిందని, పోటీ చట్టాన్ని అమలు చేసే మన కాంపిటీషన్ కమిషన్ తేల్చింది. 2022 అక్టోబరులో 1337.76 కోట్ల జరిమానా వేసింది. పెద్దగా ఎదగడం నేరం కాదు. ఆ పెద్దరికాన్ని దుర్వినియోగం చేయడమే 2002 పోటీ చట్టంలోని 4వ సెక్షన్ ప్రకారం తప్పు.

పెద్ద కంపెనీలు లేకపోతే కొత్తవి ఎవరు కనిపెడతారని అడుగుతారు. నిజమే, ట్రాన్సిస్టర్ పుట్టింది గుత్తాధిపత్యం ఉన్న అమెరికా టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ వారి పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లోనే. కానీ 1956లో, అమెరికా ప్రభుత్వం వేసిన గుత్తాధిపత్య కేసు రాజీలో భాగంగా ఆ కంపెనీ పాత పేటెంట్లను దాదాపు అందరికీ రాయల్టీ లేకుండా ఇవ్వాల్సి వచ్చింది. 1998లో మైక్రోసాఫ్ట్ మీద కేసు పడింది, విండోస్‌తో పాటు బ్రౌజర్‌ను అంటగడుతోందని. అదే ఏడాది గూగుల్ కంపెనీగా నమోదైంది. 2024 ఆగస్టులో అదే గూగుల్‌ను సెర్చ్‌లో గుత్తాధిపతి అని అమెరికా జడ్జి అమిత్ మెహతా తేల్చారు. చిన్నవాడు పెద్దవాడవడానికి 26 ఏళ్లు. ఇంకా చాలా రాసుకొచ్చాను గానీ, కాగితం మడిచేస్తున్నా.

అసలు నా బాధ చెప్పనివ్వండి. అరండల్‌పేటలో ఇద్దరు కుర్రాళ్లతో ఒక యాప్ చేశాం. ఏ కోల్డ్ స్టోరేజీలో ఎన్ని టిక్కీలున్నాయో రైతు ఫోన్లో చూసుకోవచ్చు. సీజన్ మధ్యలో, మార్చిలో, ఒక పొద్దున యాప్ స్టోర్‌లోంచి మాయమైంది. ఏ స్టోరో పేరు చెప్పను. నిబంధన ఉల్లంఘించారట. ఏ నిబంధనో రాయలేదు. ఫోన్ చేద్దామంటే నంబరు లేదు. యార్డులో అయితే మా నాన్న కమీషన్ వ్యాపారి కొట్టు ముందు నిలబడి అరిచేవాడు, నలుగురూ పోగయ్యేవారు. నేనెవరి ముందు అరవాలి? చెప్పండి, ఆ వెనక వరస బాబూ, నువ్వే చెప్పు!

17 రోజులు. రైతులు నాకు ఫోన్లు, మా కుర్రాళ్లకు టెన్షన్. ఒక కుర్రాడు హైదరాబాద్‌లో ఉద్యోగం చూసుకున్నాడు. చట్టం ఉంది, కమిషన్ ఢిల్లీలో ఉంది, తీర్పు రావడానికి ఏళ్లు పడుతుంది. మాకున్నది ఒక్క సీజన్.

పద్దెనిమిదో రోజు యాప్ మళ్లీ కనిపించింది. రెండు లైన్ల మెయిలు వచ్చింది. కింద మనిషి పేరు లేదు, 'టీమ్' అని ఉంది. ప్రింటు తెచ్చాను. ఇదిగో, ముందు వరస నుంచి అలా వెనక్కి పంపండి.