గూగుల్ స్కాలర్ రివ్యూ: సైకాలజీ మొదటి ఏడాదికి ఆ ఒక్క లింకు చాలు

నమస్కారం. దాపరికం లేకుండా ముందే చెప్పేస్తాను. పరిశోధన వ్యాసాలు వెతికిపెట్టే ఒక యాప్ వాళ్లు నాకు ఉచితంగా చందా ఇచ్చి, వీడియో చేయమన్నారు. ప్రశ్న అడిగితే అది గడగడా జవాబు చెప్పి, కింద ఆధారాలు కూడా చూపించింది. వాటిలో ఒకదానికి రచయితల పేర్లున్నాయి, సంవత్సరం ఉంది, వ్యాసమే లేదు! అందుకే ఈ రివ్యూ దానికి కాదు. పరిశోధన వ్యాసాలు వెతికిపెడుతూ 2004 నుంచి ఉచితంగా ఉన్న గూగుల్ స్కాలర్‌కు.

వెతకడం ఎలాగో మీకు తెలుసు, ఆ జోలికి వెళ్లను. నా ప్రాణమంతా ప్రతి ఫలితం కింద చిన్న అక్షరాల్లో ఉండే ‘సైటెడ్ బై’ మీదే. ఆ వ్యాసాన్ని తర్వాత ఎవరెవరు ఉదహరించారో అది చూపిస్తుంది.

స్క్రీన్ చూడండి. మార్ష్‌మాలో ప్రయోగం మీ పాఠ్యపుస్తకంలో ఉండే ఉంటుంది. పిల్లల ముందు మిఠాయి పెట్టి, కాసేపు ఆగితే రెండోది ఇస్తామన్నారు. ఆగగలిగిన పిల్లలు టీనేజీలో చదువులో ముందున్నారని షోడా, మిషెల్, పీక్ 1990లో రాశారు. చాలామంది అసైన్‌మెంటు అక్కడితో సరి. నేను ఆ వ్యాసం కింద ‘సైటెడ్ బై’ నొక్కుతున్నాను. కుప్పలు తెప్పలుగా వచ్చాయి, కంగారు పడకండి. ఉదహరించిన వ్యాసాల్లోనే వెతకమనే గడి పైన ఉంది. దానికి టిక్కు పెట్టి, ‘రెప్లికేషన్’ (అంటే పాత ప్రయోగాన్ని మళ్లీ చేసి చూడటం) అని ఇంగ్లీషులో కొడుతున్నాను. ఇదిగో! వాట్స్, డంకన్, క్వాన్, 2018, ‘సైకలాజికల్ సైన్స్’ పత్రిక. 900 పైచిలుకు పిల్లలు, అందులో ముఖ్యంగా చూసింది డిగ్రీ చదవని తల్లుల బిడ్డల్ని. వీళ్లలో ఆగడానికీ, తర్వాతి చదువుకూ ఉన్న సంబంధం పాతదానిలో సగమే కనిపించింది. ఇంటి పరిస్థితులు, చిన్ననాటి తెలివితేటలు లెక్కలోకి తీసుకుంటే ఆ సగంలోనూ మూడింట రెండు వంతులు పోయింది. రెండే రెండు నొక్కులతో మీ వ్యాసానికి వాదన దొరికిందా, లేదా?

ఇక విసుగు సంగతి. నిపుణులు సమీక్షించిన వ్యాసాలు మాత్రమే చూపించమనే మీట ఇందులో లేదు. పేరున్న పత్రికా, ఎవరిదో థీసిస్సూ, డబ్బు కడితే అచ్చేసే పత్రికా ఒకే వరసలో కూర్చుంటాయి. తేదీ ప్రకారం అమర్చమంటే గత ఏడాదిలో చేరినవి తప్ప మిగతావన్నీ మాయం! ఇన్నేళ్లయినా దీన్ని సరిచేయరా?

యూనివర్సిటీలో ఉండగా నేను సైక్‌ఇన్ఫో అనే సైకాలజీ వ్యాసాల డేటాబేస్ వాడేవాణ్ని. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వాళ్లది. సమీక్షకు మీట ఉంది, విషయ పదాల పట్టిక ఉంది, అంతా పద్ధతిగా ఉంటుంది. కాని మామూలుగా సంస్థ చందా కడితేనే తలుపు తెరుచుకుంటుంది. మన దేశంలో 2025 నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద సుమారు 13,000 పత్రికలు వస్తున్నాయి, సంతోషమే. అయితే మొదటి విడత ప్రభుత్వ సంస్థలకే. మన దగ్గర డిగ్రీ పిల్లల్లో ఎంతమంది ప్రైవేటు కాలేజీల్లో ఉన్నారో వేరే చెప్పాలా?

లోపాలెన్ని ఉన్నా నా ఓటు స్కాలర్‌కే, అదీ ఆ ఒక్క లింకు కోసమే. వ్యాసం డబ్బు అడిగితే వెనక్కి వచ్చేయకండి. ఫలితం కింద ‘ఆల్ వర్షన్స్’ నొక్కండి. రచయితలు బయట పెట్టిన ఉచిత ప్రతి చాలాసార్లు అక్కడే ఉంటుంది. వాట్స్ వాళ్ల వ్యాసంతోనే మొదలుపెట్టి చూడండి.