‘మాజీ’ కాదు, ‘అప్పటి’ అనండి

సభకు నమస్కారం. పేరుపేరునా చెప్పుకోవాల్సిన పెద్దలు చాలామంది ఉన్నారు, కానీ నాకిచ్చింది పది నిమిషాలే, మన్నించండి. ఇవాళ ఆగస్టు 29, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. జనం మాట్లాడే భాషకు విలువ ఇవ్వమని పోరాడిన మనిషి ఆయన. అందుకే ఒక్క మాట పట్టుకుని వచ్చాను. మాజీ.

అరబ్బీలో దీని మూలానికి ‘గడిచిపోయినది’ అని అర్థం. ఉర్దూలో గతాన్నీ, వ్యాకరణంలో భూతకాలాన్నీ మాజీ అంటారు. పదవి దిగిన మంత్రిని మాత్రం సాబిక్ అంటారు. హిందీలో పూర్వ్. మనమూ, కన్నడిగులూ, మరాఠీలూ ఈ మాజీని తెచ్చి మనిషి పేరు ముందు పెట్టుకున్నాం. 2024లో తెలంగాణ సర్పంచుల గడువు తీరాక పత్రికలు ‘తాజా మాజీ’ అని కూడా రాశాయి.

మా నాన్న రెండుసార్లు సర్పంచ్. ఊరంతా ప్రెసిడెంటు గారూ అనేవాళ్లు. మూడోసారి ఓడిపోయారు. మర్నాడు పొద్దున్నే ఒకావిడ గట్టు తగువు తీర్చమని వచ్చింది. “ఇప్పుడు నేను కాదమ్మా, కొత్తాయన దగ్గరికెళ్లు” అన్నారు నాన్న. “ఆయన దగ్గరికీ వెళ్తాను. ముందు మీరు చెప్పండి ప్రెసిడెంటు గారూ” అంది. పోయేదాకా ఆయన్ని ఎవరూ వేరేలా పిలవలేదు. మీరే చెప్పండి, ఎదురుపడ్డ మనిషిని ‘మాజీ గారూ’ అని పిలిచినవాళ్లు ఈ సభలో ఒక్కరైనా ఉన్నారా?

నాన్న పోయాక బడి గోడ మీద ‘ఈ గది మాజీ సర్పంచ్ కట్టించినది’ అని రాశారు. ఆ గది కట్టించిన రోజు ఆయన మాజీ కాదండీ! ఆ రాత చూసినప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది.

విలేకరులు కూడా వచ్చారు, మీకూ ఇదే మనవి. ‘మాజీ ప్రధాని పీవీ 1991లో సంస్కరణలు తెచ్చారు’ అని రాస్తుంటారు. 1991లో ఆయన ప్రధానే కదా. 1953లో ప్రకాశం పంతులు గారు ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి. ఆనాటి పని గురించి రాస్తూ మాజీ అనడమేమిటి? ‘అప్పటి ప్రధాని’, ‘అప్పటి ముఖ్యమంత్రి’ అనండి. మన మాటే, అందరికీ తెలిసిన మాటే. పదవి దిగాక చేసిన పనికి మాజీ అని రాయండి, నాకేం అభ్యంతరం లేదు.

దసరా సెలవుల్లో బడికి సున్నం వేయిస్తారట. హెడ్మాస్టరు గారూ, మీరిక్కడే ఉన్నారు. ఆ రెండక్షరాలు చెరిపించి ‘అప్పటి’ అని రాయించండి. పెయింటరు కూలి నేనిస్తాను.