మోకాళ్ల మాత్ర, ఉల్లిపాయ మీది బూజు

[దృశ్యం: తిరుపతి గాంధీ రోడ్డు, సాయంత్రం. ఒక మందుల దుకాణం. కెమెరా గాజు అరలోని రంగురంగుల డబ్బాల మీదుగా మెల్లగా సాగుతుంది.]

వ్యాఖ్యాత:
నమస్కారం. మా అవ్వకు డెబ్బై రెండేళ్లు. అలిపిరి నుంచి కొండ మీదికి 3,550 మెట్లు. ఏడాదికి ఒక్కసారైనా వాటిని నడిచి ఎక్కకపోతే ఆ ఏడాది ఆమె లెక్కలోకి రాదు. మొన్న మాత్రం గాలిగోపురం దగ్గరే మోకాళ్లు పట్టేశాయి. ఇంటికి వచ్చాక పక్కింటావిడ ఒక మాత్ర పేరు చెప్పింది. ఆ మాత్ర కోసమే అవ్వను వెంటబెట్టుకొని ఇక్కడికి వచ్చాను.

దుకాణం అతను డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. ముందు వైపు 'కీళ్లకు బలం' అన్న అక్షరాలు, నవ్వుతూ పరుగెత్తుతున్న తెల్లజుట్టు దంపతుల బొమ్మ. అవ్వ వాటి జోలికే పోలేదు. కళ్లద్దాలు సర్దుకొని, డబ్బాను అటూ ఇటూ తిప్పి ఒక్క మాట అడిగింది.

“ఇది శాకాహారమేనా నాయనా?”

“మాత్రే కదమ్మా” అన్నాడతను, కొంచెం తడబడుతూ.

[దృశ్యం: డబ్బా వెనుక భాగం, బాగా దగ్గరగా. చిన్న చతురస్రం, దాని లోపల గోధుమ రంగు త్రిభుజం.]

జవాబు డబ్బా వెనుకే ఉంది. ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారం, గోధుమ రంగు త్రిభుజం ఉంటే మాంసాహారం. దీని మీద ఉన్నది త్రిభుజం. పదార్థాల జాబితాలో రెండు పేర్లు: గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్. వాటి కింద, చీమ తలంత అక్షరాలలో, రొయ్య, పీత జాతి పదార్థం ఉందన్న హెచ్చరిక. నేను చదివి వినిపించగానే అవ్వ ఆ డబ్బాను వేడి పెనం వదిలినట్టు వదిలేసింది.

మోకాళ్ల మాత్రలోకి రొయ్య ఎలా వచ్చింది?

[దృశ్యం: రొయ్యల శుద్ధి కేంద్రం. ఒక పక్కన పోగుపడిన తలలు, పెంకులు.]

రొయ్య పెంకుకు గట్టిదనం ఇచ్చే పదార్థాలలో కైటిన్ ఒకటి. పెంకులను ముందు ఆమ్లంలో వేస్తే సున్నం కరిగిపోతుంది. తర్వాత క్షారంలో వేస్తే ప్రొటీను పోతుంది. మిగిలిన కైటిన్‌ను గాఢమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కాచి విడగొడితే గ్లూకోసమైన్. పారేయాల్సిన పెంకులు సరుకుగా మారాయి, బాగానే ఉంది. ఇక కాండ్రాయిటిన్ పశువుల మృదులాస్థి నుంచి, కొన్నిసార్లు సొరచేప నుంచి వస్తుంది. అవ్వకు ఈ రెండోది నేను చెప్పలేదు.

[దృశ్యం: వంటిల్లు. ఉల్లిపాయ పై పొర ఒలుస్తుంటే లోపల నల్లటి పొడి.]

ఇప్పుడు ఈ ఉల్లిపాయ చూడండి. వానాకాలంలో పొరల మధ్య మసి పూసినట్టు నల్లటి పొడి కనిపిస్తుంది. కడిగేసి కూరలో వేస్తాం. అది ఆస్పర్‌జిల్లస్ నైజర్ అనే బూజు. దాని కణాల గోడలలోనూ కైటిన్ ఉంటుంది. అంటే గ్లూకోసమైన్ కోసం సముద్రం దాకా పోనక్కరలేదు. ఈ బూజుకు మేత పెట్టి పెంచితే చాలు.

బయోటెక్నాలజీ అంటే చాలామందికి తెల్లకోటు, సూక్ష్మదర్శిని గుర్తొస్తాయి. నాకైతే దోసెల పిండి గుర్తొస్తుంది. రుబ్బి మూత పెట్టి, పొద్దున్నే పొంగిందో లేదో చూస్తామే, దాని పెద్దన్న ఇది. గిన్నె బదులు మేడంత ఎత్తున స్టీలు ట్యాంకు ఉంటుంది. లోపల మొక్కజొన్న నుంచి తీసిన గ్లూకోజు, వడగట్టిన గాలి, పట్టి ఉంచిన వేడి. ఇంట్లో పిండి పుల్లబడితే ఊతప్పం పోసుకుంటాం. అక్కడ వేరే సూక్ష్మజీవి ఒక్కటి చొరబడినా ట్యాంకు మొత్తం పారబోయాల్సిందే.

ఈ బూజు చేత పని చేయించుకోవడం కొత్త కాదు. జేమ్స్ కరీ అనే శాస్త్రవేత్త 1917లో దీనికి చక్కెర పెట్టి సిట్రిక్ ఆమ్లం తీయవచ్చని చూపాడు. 1919కల్లా అమెరికాలో ఫ్యాక్టరీ నడిచింది. అంతవరకు ఆ ఆమ్లాన్ని నిమ్మకాయలు పిండి తీసేవారు. మన కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు ఇదే. ఎండాకాలం కొనుక్కునే నన్నారి షర్బత్ సీసాల వెనుక 330 అన్న అంకె ఎక్కడైనా కనిపిస్తే, అదీ ఇదే.

[దృశ్యం: మళ్లీ మందుల దుకాణం. సీరం సీసా, నూనె సీసా, చేపనూనె గొట్టం మాత్రలు వరుసగా.]

అదే అరలో మిగిలినవి త్వరగా చూద్దాం. ముఖానికి రాసే హయలురానిక్ ఆమ్లాన్ని ఒకప్పుడు కోడిపుంజు తల మీది ఎర్రటి తురాయి నుంచి తీసేవారు. ఇప్పుడు ఎక్కువగా బ్యాక్టీరియా చేసి పెడుతున్నాయి. చర్మానికి రాసే స్క్వాలేన్ అనే నూనె సొరచేప కాలేయం నుంచి వచ్చేది. ఇప్పుడు చెరకు చక్కెర తిన్న యీస్టు నుంచీ వస్తోంది. చేపనూనెలోని ఒమేగా-3 అసలు చేప సొంతం కాదు, అది తిన్న నాచుది. ఆ నాచునే ట్యాంకులో పెంచుతున్నారు. కొల్లాజెన్ అనే ప్రొటీను పొడి మాత్రం ఇంకా ఎక్కువగా పశువుల తోలు, చేప చర్మం నుంచే వస్తోంది. ఆకుపచ్చ చుక్కతో అమ్మే 'కొల్లాజెన్' డబ్బా తిప్పి చూడండి. చాలాసార్లు అందులో కొల్లాజెన్ ఉండదు. విటమిన్ సి, కొన్ని అమైనో ఆమ్లాలు ఉంటాయి.

కాబట్టి అవ్వ ప్రశ్నకు జవాబు దొరికింది. బూజు నుంచి తీసిన గ్లూకోసమైన్ కూడా మార్కెట్లో ఉంది, ఆకుపచ్చ చుక్కతోనే. దుకాణం అతను లోపలికి వెళ్లి వెతికి తెచ్చాడు. అవ్వ ముఖం వెలిగింది. కొనేద్దామంది.

ఇక్కడే నేను ఆమె చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది.

[దృశ్యం: రెండు డబ్బాలు పక్కపక్కన. ఒకదాని మీద త్రిభుజం, ఇంకోదాని మీద ఆకుపచ్చ చుక్క.]

వెల్‌నెస్ వ్యాపారం అంతటా నాకు కనిపించే తిరకాసు ఇదే. బయోటెక్నాలజీ చెప్పేది 'ఎలా తయారైంది' అన్నది. వ్యాపారం దాన్నే 'పని చేస్తుందా' అన్నదానికి జవాబుగా అమ్ముతుంది. శుద్ధంగా ఉంది, జంతువు జోలికి పోలేదు, అత్యాధునిక ట్యాంకులో తయారైంది, అన్నీ నిజమే. మోకాలి నొప్పి తగ్గుతుందా? అది వేరే ప్రశ్న.

ఆ వేరే ప్రశ్నకు అమెరికాలో పెద్ద పరీక్షే పెట్టారు. ఫలితాలు 2006లో వచ్చాయి. మోకాలి కీలు అరిగినవారు 1,583 మంది, 24 వారాలు. కొందరికి గ్లూకోసమైన్, కొందరికి కాండ్రాయిటిన్, కొందరికి రెండూ కలిపి. ఇంకొందరికి మందు లేని ఉత్తుత్తి మాత్ర. నొప్పి కనీసం 20 శాతం తగ్గితే ఫలితం ఉన్నట్టు లెక్క. గ్లూకోసమైన్ వాడినవారిలో 64 శాతం మందికి తగ్గింది. వినడానికి బాగుంది కదా? ఉత్తుత్తి మాత్ర మింగినవారిలోనూ 60 శాతం మందికి తగ్గింది.

[దృశ్యం: తెర మీద రెండు స్తంభాలు: 64, 60. కాసేపు అలాగే ఉంచాలి, సంగీతం వద్దు.]

ఆ నాలుగు శాతం తేడా యాదృచ్ఛికంగానూ రావచ్చు, మందు వల్లనే అనలేమని గణాంకాలు తేల్చాయి. నొప్పి బాగా ఎక్కువున్న చిన్న బృందానికి రెండూ కలిపి ఇస్తే కొంత మేలు కనిపించింది. అయితే అదే పరీక్షకు కొనసాగింపుగా కొందరిని రెండేళ్ల పాటు చూసి 2010లో చెప్పిన ఫలితాలలోనూ ఉత్తుత్తి మాత్రకు, ఈ మాత్రలకు చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. ఆ పరీక్షలో వాడింది గ్లూకోసమైన్ హైడ్రోక్లోరైడ్ రూపం, సల్ఫేట్ రూపం అయితే పని చేసేది అని వాదించేవారు ఉన్నారు. వాదన సంగతి ఎలా ఉన్నా, సప్లిమెంటు డబ్బా మీద ఇంకో వాక్యం తప్పనిసరిగా ఉంటుంది: ఔషధంగా వాడడానికి కాదు అని. ముందు వైపు పరుగెత్తే దంపతులు, వెనుక వైపు ఈ వాక్యం.

అవ్వను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మోకాళ్లు చూసి, కుర్చీలో కూర్చొని కాలు చాచి పట్టే వ్యాయామం రాసిచ్చారు. తర్వాత పాదాల గురించి అడిగారు. తిమ్మిర్లు వస్తున్నాయా అని. వస్తున్నాయి, ఏడాదిగా! అవ్వ మాకెవరికీ చెప్పలేదు. పుట్టుకతో శాకాహారి, వయసు డెబ్బై దాటింది, పదేళ్లుగా షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతోంది. ఈ మూడూ బి12 విటమిన్ తగ్గడానికి దారులే. రక్తపరీక్షలో తగ్గినట్టే తేలింది.

[దృశ్యం: గాజు పళ్లెంలో బి12 ఎర్రటి స్ఫటికాలు.]

ఈ బి12 మీద నాకు కొంచెం మోజు ఎక్కువ, ఓపిక పట్టండి. దీన్ని ఏ మొక్కా చేయదు, ఏ జంతువూ చేయదు. బ్యాక్టీరియా, వాటిలాంటి మరికొన్ని సూక్ష్మజీవులు మాత్రమే చేస్తాయి. పాలలో, పెరుగులో ఉన్నది కూడా ఆవు కడుపులోని సూక్ష్మజీవులు చేసి ఇచ్చిందే. మనిషికి కావలసింది రోజుకు రెండు, రెండున్నర మైక్రోగ్రాములు. ఎనభై ఏళ్లకు లెక్క కట్టినా మొత్తం గ్రాములో పదో వంతు కాదు. చిటికెడు ఉప్పు కన్నా తక్కువ!

దాని నిర్మాణం ఎంత చిక్కుముడి అంటే, శాస్త్రవేత్త డొరతీ హాడ్జ్‌కిన్ ఎక్స్-కిరణాలతో ఏళ్ల తరబడి కుస్తీ పట్టి 1956 నాటికి విప్పగలిగారు. 1964లో ఆమెకు నోబెల్ వచ్చింది. వుడ్‌వర్డ్, ఎషెన్‌మోజర్ అనే రసాయన శాస్త్రవేత్తల బృందాలు దాన్ని ప్రయోగశాలలో తయారు చేయడానికి పూనుకుంటే దాదాపు వంద మంది చేతులు పడ్డాయి, పన్నెండేళ్లకు దగ్గరగా పట్టింది. 1972కు గానీ పూర్తి కాలేదు. బ్యాక్టీరియాకు ట్యాంకులో కొన్ని రోజుల పని. అందుకే ప్రపంచంలో అమ్ముడయ్యే బి12 అంతా ట్యాంకుల నుంచే వస్తుంది. దీనికి పరుగెత్తే దంపతుల బొమ్మ అక్కర్లేదు. లోపం ఉన్నవారికి ఇస్తే పని చేస్తుంది, లోపం లేనివారికి అదనపు శక్తి ఏమీ ఇవ్వదు. రక్తపరీక్ష చేస్తే ఎవరికి కావాలో తెలుస్తుంది.

[దృశ్యం: అదే దుకాణం. బల్ల మీద బొమ్మలేవీ లేని సాదా మాత్రల పట్టీ.]

చీటీ పట్టుకొని మళ్లీ గాంధీ రోడ్డుకు వచ్చాం. దుకాణం అతను మాత్రల పట్టీ ఇచ్చాడు. మోకాళ్ల డబ్బా ధరతో పోలిస్తే చాలా చవక. అవ్వ పట్టీని వెలుతురుకు పట్టి ముందూ వెనకా చూసింది. చుక్క లేదు, త్రిభుజం లేదు. ఆ గుర్తులు ఆహార పదార్థాలకు తప్పనిసరి, మందులకు కాదు.

“ఇది శాకాహారమేనా నాయనా?”

అతను ఈసారి నా వైపు చూశాడు. బి12 వరకైతే బ్యాక్టీరియా చేసిందే అవ్వా అన్నాను. మాత్రను అచ్చు పోయడానికి కలిపిన మిగతా పదార్థాల సంగతి కంపెనీని అడిగి చెబుతానన్నాను. అవ్వ పట్టీని కొంగుకు ముడివేసుకుంది.

“అడిగి చెప్పు. అంతవరకు ఈ వ్యాయామమేదో చేస్తుంటాను.”