ఎఫ్ఎంఆర్ఐలో కనిపించే ఆ ఎర్ర మచ్చ అసలేంటి?

"ప్రేమలో పడ్డవాళ్ల మెదడులో ఫలానా భాగం వెలిగింది" అని ఒక వార్త, పక్కనే ఎఫ్ఎంఆర్ఐ అనే మెదడు స్కాన్ బొమ్మ, బూడిద రంగు మెదడు మీద ఎర్ర మచ్చ. ఇది చూసిన ప్రతిసారీ నాకు చిరాకేస్తుంది. మెదడులో ఏదీ వెలగదండీ, ఆ ఎరుపు తర్వాత కంప్యూటర్ వేసిన రంగు.

ఒక పెద్ద అపార్ట్‌మెంట్ అనుకోండి. లోపలికి వెళ్లలేం, బయట ఒక్కో అంతస్తు నీళ్ల మీటర్ మాత్రం కనిపిస్తుంది. మూడో అంతస్తు మీటర్ గిర్రున తిరుగుతోంది. వంటా, స్నానమా, బట్టలుతకడమా? మీటర్ చెప్పదు. ఎఫ్ఎంఆర్ఐ అచ్చం ఆ మీటరే. న్యూరాన్లు, అంటే మెదడులోని నాడీ కణాలు, పని చేసిన చోటికి అవి వాడుకునేదానికంటే ఎక్కువ ఆక్సిజన్‌తో రక్తం పరుగెత్తుకొస్తుంది. ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్ ఒకలా, లేనిది ఇంకోలా అయస్కాంతానికి స్పందిస్తాయి, 1990లో సెయిజి ఒగావా అనే శాస్త్రవేత్త ఎలుకల మెదళ్లలో చూపించిన తేడా ఇదే. పైగా కుళాయి ఇప్పుడు తిప్పితే ముల్లు బాగా పైకెక్కేది సుమారు 5 సెకన్లకి! స్కాన్‌లో 3 మిల్లీమీటర్ల చిన్న ఘనం తీసుకున్నా అందులో లక్షల న్యూరాన్లుంటాయి. ఎర్ర మచ్చ కూడా ఊరికే రాదు, ప్రియమైనవాళ్ల ఫొటో చూసినప్పటి రీడింగ్‌లోంచి మామూలు పరిచయస్తుల ఫొటో చూసినప్పటిది తీసేస్తే మిగిలిన తేడా అది. దేంతో పోల్చారో చెప్పని వార్తని నేనైతే పట్టించుకోను.

ఇక అమిగ్డాలా. మెదడు లోపల చిన్న భాగం, బాదంగింజ ఆకారం, "భయం కేంద్రం" అని పేరు పడిపోయింది. ఎస్.ఎం. అనే అక్షరాలతో పరిశోధకులు పిలిచే ఒకావిడకి రెండు వైపులా అమిగ్డాలా పాడైపోయింది, పాముల్ని చూసినా ఆవిడకి భయం లేదు. సరే, 2013లో ప్రచురించిన ప్రయోగంలో 35 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న గాలి ఒక్కసారి పీల్పించేసరికి ఆవిడ హడలిపోయింది, చెయ్యి ముఖం మీది మాస్క్ వైపు వెళ్లింది. మూడో అంతస్తుకి మనం "స్నానాల అంతస్తు" అని బోర్డు తగిలించేశాం, బాత్రూమ్‌లేమో మిగతా అంతస్తుల్లోనూ ఉన్నాయి.

హిప్పోక్యాంపస్ అనే ఇంకో మెదడు భాగం పని తెలిసింది మీటర్ చూసి కాదు, గదే తీసేశాక. మూర్ఛ తగ్గాలని 1953లో హెన్రీ మొలైసన్ అనే రోగికి ఆపరేషన్ చేసి దాన్ని రెండు వైపులా చాలావరకు తీసేస్తే కొత్త జ్ఞాపకాలు నిలవడం మానేశాయి, కానీ అద్దంలో చూస్తూ బొమ్మ గీయడం మాత్రం రోజురోజుకీ మెరుగైంది. నేర్చుకున్నానన్న సంగతే ఆయనకి గుర్తులేదు.

టైమ్ అయిపోతోంది, మెదడుని చూసే మిగతా పద్ధతులు గబగబా. ఈఈజీ, అంటే తల మీద తీగలు అతికించి మెదడులోని విద్యుత్తుని నమోదు చేయడం, గోడకి చెవి పెట్టి వినడం లాంటిది, చప్పుడు ఏ మిల్లీసెకనులో వచ్చిందో పట్టేస్తుంది, ఏ గదిలోంచో సరిగ్గా చెప్పలేదు. సీటీ, మామూలు ఎమ్ఆర్ఐ బిల్డింగ్ గోడల్నీ పగుళ్లనీ చూపిస్తాయి. పెట్ స్కాన్ అయితే నీళ్లలోనే ఆనవాలు కలిపి పంపుతుంది, రేడియోధార్మిక గ్లూకోజ్ లాంటిది, అది ఎక్కడ పోగుపడిందో చూస్తారు.